కొల్లేరు ఫోటోలు: పక్షులు, నీళ్లు, మనుషులు... ఏదో ఒకటే ఎంచుకోవాలా?

ప్రశ్న: ఏలూరు గుమాస్తా

నమస్కారం. నేను ఏలూరులో ఒక కార్యాలయంలో గుమాస్తాను. ఫోటోగ్రఫీ నాకు వృత్తి కాదు, దాని మీద సంపాదించాలన్న ఆలోచన కూడా లేదు. సెలవు దొరికితే చాలు, తెల్లవారకముందే బండి తీసి పెద్ద ఎడ్లగాడి వంతెన మీదుగా కైకలూరు వైపు వెళ్లి, ఆటపాక పక్షుల కేంద్రం దగ్గరో కొల్లేటికోట గట్ల మీదో ఎండ ముదిరేదాకా తిరగడం కొన్నేళ్లుగా అలవాటైపోయింది. నా దగ్గర ఉన్నవి ఒక మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, దానితోపాటు వచ్చిన 18-55 ఎంఎం లెన్సు, తరవాత ఒకరి దగ్గర పాతది కొనుక్కున్న 55-250 ఎంఎం లెన్సు మాత్రమే.

చలికాలంలో గూళ్లు కట్టుకునే పెలికాన్లు, అంటే మన గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నీటికాకులు నాకు ఎంతో ఇష్టం. కిక్కిస దుబ్బుల అవతల కనుచూపు మేర పరుచుకున్న నీళ్లూ, వాటి మీద ఆకాశమూ అంతే ఇష్టం. తాటి దోనెల మీద వలలకు వెళ్లేవారిని, రేవులో చేపలు వేరుచేసే ఆడవాళ్లను, గట్టు మీద గేదెలు తోలుకెళ్లే పిల్లలను చూసినప్పుడు కూడా కెమెరా దానంతటదే పైకి లేస్తుంది. అయితే మూడింటిలోనూ ఎక్కడో ఒకచోట ఆగిపోతున్నాను. గూడబాతుల ఫోటోల్లో రెక్కల తెలుపు కాలిపోయి, ఈకల గీతలు మాయమై, సున్నం పూసినట్టు వస్తోంది. సరస్సు ఫోటోల్లో అంత పెద్ద నీటి విస్తీర్ణం చివరికి పైన బూడిదరంగు, కింద బూడిదరంగు, మధ్యలో ఒక గీతగా మిగులుతోంది. చేపల చెరువుల గట్లు, కరెంటు స్తంభాలు కనిపించకుండా ఎంత జాగ్రత్తపడినా ఆ ఫోటోలో ప్రాణం ఉండటం లేదు. ఇక మనుషుల విషయానికొస్తే, కెమెరా చూడగానే అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడిన మనిషి కూడా చేతులు కట్టుకుని నిటారుగా నిలబడిపోతున్నాడు.

ఈ రంగంలో నాకంటే ముందు నుంచి ఉన్న ఒక మిత్రుడు, మూడు పడవల మీద కాళ్లు పెట్టవద్దని, పక్షులనే పట్టుకుని, దూరాన్ని బాగా దగ్గరికి లాగే 150-600 ఎంఎం లెన్సు కొనమని గట్టిగా చెబుతున్నాడు. లక్ష రూపాయల మాట అది. ఇంకొకరు, కొల్లేరులో ఇప్పుడేముంది, పాడేరు దగ్గరి వంజంగి కొండకు వెళ్లు, మేఘాల సముద్రం ఫోటో ఒక్కటి చాలు అంటున్నారు. వంజంగి అందం కాదనను. కానీ అక్కడ తీసిన ఫోటోలు చూస్తే ఎవరు తీసినది ఏదో పోల్చుకోవడం నాకు కష్టంగా ఉంటుంది. మా ఇంటికి గంటలోపు దూరంలో ఉన్న నీళ్లను వదిలిపెట్టి వెళ్లడానికి మనసు ఒప్పడం లేదు.

ఒక్క విషయాన్నే ఎంచుకోవడం నిజంగా అవసరమా, ఆ పెద్ద లెన్సు నా ఇబ్బందులు తీరుస్తుందా, మనుషులను సహజంగా తీయడానికి మీరేం చేస్తారు... ఇవీ నా ప్రశ్నలు. కొల్లేటి చాంతాడులా సాగినందుకు మన్నించండి. మన కొల్లేరు గురించే కదా అని ధైర్యం చేశాను.

జవాబు 1: దొరవారిసత్రం పక్షిమిత్రుడు

గుమాస్తా గారూ, నేలపట్టు పక్కనే ఉంటాను కాబట్టి గూడబాతుల సంగతి కొంత చెప్పగలను. ముందు లెన్సు మాట తేల్చేద్దాం. గూడబాతు చిన్న పిట్ట కాదు, రెక్కలు చాస్తే రెండు మీటర్లు దాటుతుంది. మీ కెమెరా సెన్సారు (బొమ్మను పట్టే పలక) ఏపీఎస్-సీ అనే చిన్న రకం అయి ఉంటుంది. దాని మీద 250 ఎంఎం దగ్గర, నలభై మీటర్ల దూరంలో ఎగురుతున్న గూడబాతు ఫ్రేము వెడల్పులో సగానికి మించి ఆక్రమిస్తుంది. ఇంతకంటే పెద్దగా కావాలంటే పక్షి ముఖం ఒక్కటే ఫ్రేము నిండా తీయాలన్న కోరిక ఉండాలి. లకుముకి పిట్టలూ చిన్న వలస పక్షులూ మీ లోకమైతే నేనూ పెద్ద లెన్సునే సమర్థించేవాణ్ని.

దూరంగా ఉన్న పక్షిని 600 ఎంఎంతో దగ్గరికి లాగితే పక్షితోపాటు మధ్యలో ఉన్న గాలి కూడా దగ్గరికొస్తుంది. ఎండ ఎక్కాక నీటి మీద, గట్ల మీద వేడిగాలి కదులుతూ ఉంటుంది. ఆ కదలికలో గీతలన్నీ అలికినట్టవుతాయి. ఎంత ఖరీదైన లెన్సుకైనా దీనికి మందు లేదు. పులికాట్‌లో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా పోతుంది, రెండువైపులా రాజహంసలు (ఫ్లెమింగోలు) మేస్తుంటాయి. పదిగంటల తరవాత అక్కడ పెద్ద పెద్ద లెన్సులు బిగించుకుని నిలబడినవారు, ఫోకస్ సరిగా పడటం లేదని కెమెరాను తిట్టుకోవడం ప్రతి సీజనులోనూ వినబడే మాటే. ఉదయం ఏడుగంటలకు 250 ఎంఎంతో తీసిన ఫోటో, పదకొండు గంటలకు 600 ఎంఎంతో తీసిన దానికంటే తేటగా ఉంటుంది.

ఇక తెలుపు కాలిపోవడం గురించి. కెమెరాలోని మీటరుకు తాను చూస్తున్నది పక్షో, నీరో తెలియదు. ఫ్రేములో ఉన్నదంతా సగటున మధ్యస్థమైన బూడిదరంగు అనుకుని లెక్క వేస్తుంది. ముదురు రంగు నీళ్ల మధ్య ఒక తెల్లని పక్షి ఉంటే, నీళ్లదే ఎక్కువ వాటా కాబట్టి మీటరు ఆ చీకటిని వెలిగించబోయి పక్షిని కాల్చేస్తుంది. అందుకని మీటరు లెక్కను మనం సవరించే మీట, అంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను, మూడింట రెండు వంతుల స్టాపు నుంచి ఒక స్టాపు దాకా తగ్గించండి (ఒక స్టాపు తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది, పెంచితే రెట్టింపవుతుంది). అదే పక్షి తెల్లని ఆకాశం మీద ఎగురుతుంటే వ్యవహారం తిరగబడుతుంది: అప్పుడు మీటరు ఆకాశాన్ని ముదురు చేయబోయి పక్షిని నల్లని ఆకారంగా మారుస్తుంది, కాబట్టి ఒక స్టాపు దాకా పెంచాలి. మంచు కమ్మిన ఉదయాలకూ ఇదే లెక్క. పక్షి నీటి మీంచి ఆకాశంలోకి లేచే ఆ రెండు సెకన్లలో ఈ మీటను మార్చడం ఎవరి వల్లా కాదు. అందుకే ఎగిరే పక్షులకు నేను, వెలుతురు లెక్క మనమే పెట్టుకునే మాన్యువల్‌లోనే ఉంటాను. సూర్యుడు నా వీపు వెనక ఉన్నప్పుడు ఒక తెల్లకొంగ మీద ఎక్స్‌పోజరు సరిచూసుకుని, వెలుతురు మారేదాకా దాన్ని ముట్టుకోను. వెనక నీళ్లున్నా ఆకాశమున్నా పక్షి మీద పడే ఎండ ఒక్కటే కదా. షట్టరు వేగం సెకనులో 1/1600 వంతు చుట్టూ, లెన్సు రంధ్రం ఎఫ్8, ఐఎస్‌ఓ (సెన్సారు వెలుతురుకు స్పందించే స్థాయి) వెలుతురును బట్టి. రా ఫైళ్లు (కెమెరా దిద్దకుండా దాచే ముడి ఫైళ్లు) తీయండి, తెరమీద వెలుగునీడల పంపకాన్ని చూపే హిస్టోగ్రాం కుడి గోడకు ఆనకుండా చూసుకోండి.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. ఆటపాకలో చెట్లు తగ్గిపోయాక ఇనుప స్టాండ్లు నాటితే వాటి మీద కూడా గూడబాతులు గూళ్లు కట్టుకుంటున్నాయి. పడవలో వెళ్లేవారికి అవి చాలా దగ్గరగా అందుతాయి. ఇంకాస్త ముందుకు పోనిమ్మని పడవవాణ్ని ఒత్తిడి చేయకండి. తల్లి పక్షి గూటి మీంచి లేస్తే ఆ కాసేపట్లోనే కాకులు, గద్దలు గుడ్లనూ పిల్లలనూ ఎత్తుకుపోతాయి. అవి రాకపోయినా ఈకలు రాని పిల్లలు ఎండకు తాళలేవు. పక్షి మెడ నిటారుగా ఎత్తి మీవైపే చూస్తూ ఉంటే అప్పటికే మీరు ఎక్కువ దగ్గరికి వెళ్లినట్టు లెక్క. అభయారణ్యాల్లో ఫోటోలు తీయడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. టిక్కెట్టు కొన్న సందర్శకులకు ఇది పెద్ద విషయంగా కనిపించదు. దారి వదిలి లోపలికి వెళ్లాలన్నా, డ్రోను ఎగరేయాలన్నా మాత్రం అటవీశాఖ వారిని ముందుగా అడగకుండా చేయవద్దు.

ఒక్కటే ఎంచుకోమన్న మీ మిత్రుడితో నేను సగం ఏకీభవిస్తాను. జీవితమంతా ఒక్కటే అక్కరలేదు కానీ, ఒక ఉదయానికి ఒక్కటే ఉండాలి. పక్షుల కోసం వెళ్లిన రోజు పక్షులకే కూర్చోండి.

జవాబు 2: పెన్న ఒడ్డు బాటసారి

మాది జమ్మలమడుగు వైపు. గండికోటలో పెన్నానది ఎర్రరాయిని కోసుకుంటూ పోయిన లోయ అంచున నిలబడితే ఫోటోగ్రాఫరు చేయవలసిన పని సగం నదే చేసిపెట్టింది: దగ్గరి బండ, కింది లోతు, అవతలి గోడ, అన్నీ వరసగా అమర్చి ఉంటాయి. కొల్లేరు అలాంటిది కాదు. చదునైన నేలను ఫోటో తీయడం కొండలను తీయడం కంటే చాలా కష్టం. అందుకే వచ్చినవాళ్లు పక్షులను తీసుకుని వెళ్లిపోతారు. మీరు ఆ చదునును వదలకుండా పట్టుకోవడం నాకు నచ్చింది.

విశాలమైన చోటు కనబడగానే 18 ఎంఎంకు తిప్పడం అందరికీ అలవాటు. ఇలా వెడల్పుగా చూసే వైడ్ యాంగిల్, దగ్గరున్న వస్తువును పెద్దది చేసి దూరాన్నంతా సన్నని గీతలా నొక్కేస్తుంది; దగ్గర ఏమీ లేకపోతే ఆ గీత ఒక్కటే మిగులుతుంది. కాబట్టి 18 వాడాలనుకుంటే నీటి అంచున బాగా కిందికి వంగి, లెన్సుకు మూరెడు దూరంలో ఒక గుర్రపుడెక్క పువ్వో, కట్టేసిన దోనె ముక్కో, కిక్కిస మోడో ఉండేలా చూసుకోండి. లేదంటే దీనికి పూర్తి విరుద్ధంగా ఆ 55-250నే వాడండి. గట్టు మీద నిలబడి 150 ఎంఎం ప్రాంతంలో చూస్తే, ఒకదాని వెనక ఒకటి ఉన్న గట్లు, కిక్కిస వరసలు, తాటిచెట్లు, పొగమంచు అన్నీ పొరలుపొరలుగా దగ్గరికి చేరతాయి. కొల్లేరుకు నేనైతే ఈ రెండో పద్ధతినే ఎక్కువ వాడతాను.

వెలుతురు విషయంలో మన దేశానికి తగిన లెక్క వేసుకోవాలి. చల్లని దేశాలవారు రాసిన పాఠాల్లో సూర్యోదయం తరవాత గంట సేపు బంగారు వెలుగు ఉంటుందని చదివి, తీరిగ్గా టీ తాగి వెళ్లేవారు ఉన్నారు. మన అక్షాంశాల్లో సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా ఎక్కుతాడు; క్షితిజం మీంచి ఆరు డిగ్రీలు పైకి రావడానికి అరగంట కూడా పట్టదు. మరొకటి, డిసెంబరులో మీకు సూర్యుడు తూర్పుకు దక్షిణంగా పాతిక డిగ్రీల దాకా జరిగి ఉదయిస్తాడు, జూన్‌లో అంతే మేర ఉత్తరంగా ఉదయిస్తాడు. అంటే ఒకే గట్టు మీద ఒకే చోట నిలబడినా చలికాలంలో పక్కనుంచి పడే ఎండ, వేసవిలో ఎదురుగానో వెనకనుంచో పడవచ్చు. మీకు నచ్చిన నాలుగైదు చోట్లకు ఈ లెక్క ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. దగ్గర్లో ఉండేవారికి ఉన్న సౌకర్యం ఇదే. బస్సు దిగి రెండు గంటలు తిరిగి పోయేవారికి ఇది ఎన్నటికీ అందదు.

నెలల్లో కూడా చలికాలాన్నే నమ్ముకోకండి. జనవరి ఉదయాల మంచు అందమైనదే గానీ ఆకాశం ఖాళీగా ఉంటుంది. తమ్మిలేరు, బుడమేరు పొంగి కొత్తనీరు చేరే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వాన వెలిసిన గంటలో గాలి కడిగినంత తేటగా ఉండి, మైళ్ల దూరంలో ఉన్న తాటిచెట్టు కూడా విడిగా కనిపిస్తుంది, మేఘాలకు ఆకారం ఉంటుంది. అప్పుడు నీరూ ఆకాశమూ కలిసే హద్దుగీతను బాగా కిందికి దింపి ఫ్రేమునంతా ఆకాశానికి ఇచ్చేయండి. పోలరైజింగ్ ఫిల్టరు ఒకటి కొనుక్కుంటే నీటి మీది మెరుపు తగ్గి రంగు నిలుస్తుంది. లక్ష పెట్టనక్కరలేదు.

చివరగా, చేపల చెరువుల గట్లు, కరెంటు స్తంభాలు రాకుండా తీస్తున్నానన్నారు. నాకైతే వాటిని రానివ్వమనే చెప్పాలనిపిస్తోంది. ఐదో కాంటూరు (సముద్రమట్టం నుంచి ఐదు అడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేలను 1999లో అభయారణ్యంగా ప్రకటించడం, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలగా రామ్‌సర్ జాబితాలోకి ఎక్కడం, 2006లో చెరువుల గట్లను యంత్రాలతో తెగ్గొట్టడం, ఆ తరవాత కూడా హద్దుల గురించి వాదనలు సాగుతూనే ఉండటం... కొల్లేరు అంటే ఇదంతానూ. ఆ గట్లను చెరిపేసి చూపించే కొల్లేరు ఏ క్యాలెండరులోనైనా దొరుకుతుంది. పైగా చదునైన చోట మీకు దొరకని గీతలు ఆ గట్లే ఇస్తాయి. నీటిని ముక్కలుగా కోస్తూ దూరానికి పోయే ఆ వరసలను కాస్త ఎత్తు నుంచి, వంతెన మీదినుంచి చూడండి.

జవాబు 3: ఉట్నూరు పంతులమ్మ

గుమాస్తా గారికి నమస్కారం. పై ఇద్దరి సలహాలూ బాగున్నాయి. అయితే ఒక ఉదయానికి ఒక్కటే అన్న పక్షిమిత్రుడి మాటను నేను అంగీకరించలేను. గూడబాతులు, నీళ్లు, వల విసిరే మనిషి... కొల్లేరులో ఈ మూడూ విడివిడిగా లేవు. వాటిని విడదీసి చూడటం మన ఆల్బముల సౌకర్యం కోసమే. ఉద్యోగం చేసుకుంటూ ఫోటోలు తీసేవారికి నేను ఎప్పుడూ లాలా దీన్‌దయాళ్‌ను గుర్తుచేస్తాను. ఆయన రూర్కీలో ఇంజనీరింగు చదివి ఇండోరులో ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తూ, 1874 ప్రాంతంలో సరదాగా కెమెరా పట్టుకున్నారు. చాలా ఏళ్ల తరవాత గాని ఉద్యోగం వదల్లేదు. ఆ తరవాతే ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫరై రాజా బిరుదు పొందారు. ఆయన తీసినవాటిలో కోటలు, దేవాలయాలు, వేటలు, దర్బారులు, మనుషుల ముఖాలు అన్నీ ఉన్నాయి. ఒక్కటే ఎంచుకుని ఉంటే ఆనాటి హైదరాబాదు మనకు ఇంత నిండుగా కనిపించేది కాదు.

మనుషులు బిగుసుకుపోవడం గురించి మీరు అడిగినదానికి నా అభిప్రాయం కాస్త వేరుగా ఉంటుంది. చేతులు కట్టుకుని నిటారుగా నిలబడటం కూడా సహజమే. మన ఊళ్లలో ఫోటో అంటే గౌరవంగా నిలబడవలసిన సందర్భం. పెళ్లిలోనో, స్టూడియోలోనో, ఆధార్ కేంద్రంలోనో తప్ప కెమెరా ముందుకు వెళ్లని మనిషి, మీరు కెమెరా ఎత్తగానే మీకు మర్యాద చేస్తున్నాడు. ఆ మర్యాదను మీరు ముందు స్వీకరించండి. నిలబడనివ్వండి, ఆయన కోరుకున్నట్టే ఒక ఫోటో శ్రద్ధగా తీయండి, తెరమీద చూపించండి. ఆ పని అయిపోయిందని ఆయన తన వల దగ్గరికి తిరిగి వెళ్లిన తరవాత, మీరు అక్కడే కూర్చుని ఉంటే, మీరు అనుకుంటున్న ఆ రెండో రకం ఫోటో వస్తుంది. చాటు నుంచి జూమ్‌తో తీసే ఫోటోలను నేను మెచ్చుకోను. వాటిలో మనుషులు కూడా పక్షుల్లాగే కనిపిస్తారు.

ఆడవాళ్లను తీసేటప్పుడు మరింత ఓపిక కావాలి. దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో పెట్టి, ఒక మహిళ చేతనే దాన్ని నడిపించారు. ఎవరి ముందు ఎవరు కెమెరా పట్టుకుని నిలబడ్డారన్నదాన్ని బట్టి ఫోటో మారుతుందని ఆయనకు అప్పుడే తెలుసు. మీ ఇంటివారో, అక్కచెల్లెళ్లో ఒకసారి మీతో రేవుకు వస్తే అక్కడి మాటల తీరే మారిపోతుంది. పిల్లల ఫోటోలకు పెద్దవాళ్ల అనుమతి అడగండి. తీయడానికి ఒప్పుకోవడం, పదిమంది చూసేచోట పెట్టడానికి ఒప్పుకోవడం ఒకటి కాదు. ఆ రెండో మాట విడిగా అడగాలి.

సాంకేతికంగా ఒక్క ముక్క. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ముఖాలు తీయకండి. మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో మీ ప్రాంతంలో మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా తలమీదికి వస్తాడు, కళ్లు గుంటల్లా పడతాయి. ఇంటి వసారాలోనో తాటాకు పాక చూరు కిందో, వెలుగు వచ్చే వైపు ముఖం ఉండేలా కూర్చోబెడితే చాలు. ఎండలో మాడిన నల్లని ఒంటి మీద తెల్లని బనీను ఉంటే కెమెరా తడబడుతుంది. అప్పుడు ముఖం మీద స్పాట్ మీటరింగు (ఒక చిన్న చోటి వెలుతురునే కొలిచే పద్ధతి) పెట్టి, దాన్ని అవసరానికి మించి తెల్లగా చేయకుండా అరస్టాపు తగ్గించండి. ఫోన్లలో చర్మాన్ని నునుపు చేసి రంగు తేల్చే సౌకర్యాలను చూసి అలవాటుపడి, రా ఫైలు దగ్గర కూర్చున్నప్పుడు కూడా అదే చేసేవారు ఉన్నారు. మనిషి రంగు మార్చే హక్కు మనకు ఎవరిచ్చారు?

తీసిన ప్రతి ముఖానికీ పేరు, ఊరు, తేదీ రాసి ఉంచండి. మా దగ్గర మార్లవాయిలో 1940లలో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, ఆయన భార్య గోండుల మధ్య ఉండి పనిచేశారు. ఆయన తీసిన పాత ఫోటోలు ఎప్పుడైనా మా పిల్లలకు చూపిస్తే, అందంగా ఉందా లేదా అని ఒక్కరూ అడగరు. ఇది ఎవరు, ఎవరి తాత, ఇది ఏ గూడెం అనే అడుగుతారు. ఆ వివరం రాసి ఉన్న ఫోటో ముందు నుంచి పిల్లలను కదిలించడం కష్టం.

జవాబు 4: లంక కుర్రవాడు

నేను కొల్లేరు లంకగ్రామంలో పుట్టినవాణ్ని, ప్రస్తుతం విజయవాడలో ఉద్యోగం. మా ఊరికి కెమెరాలతో వచ్చేవారిని చిన్నప్పటి నుంచి చూస్తున్నాను కాబట్టి రెండు మాటలు చెబుతాను. చాలామంది మా పాత తాటి దోనెను తీస్తారు, పక్కనే ఉన్న ఇంజను పడవను తీయరు. కూలిన పాకను తీస్తారు, దాని వెనక కట్టిన డాబాను తీయరు. చొక్కా విప్పి వల విసరమని మా పెద్దాయనను అడిగినవారు కూడా ఉన్నారు. ఆయన విసిరారు, వారు వెళ్లాక మళ్లీ చొక్కా వేసుకుని తిట్టారు. గట్లు కూడా ఫోటోలో రానివ్వమన్న పెన్న ఒడ్డు అన్నయ్య గారి మాట అందుకే నాకు బాగా నచ్చింది.

ఇంకొకటి, మీరు తెల్లవారుజామున వస్తానన్నారు. మావాళ్లకు అదే పని ఒత్తిడి ఎక్కువగా ఉండే సమయం. చేప కాటా అయ్యేవరకు ఎవరూ మీతో మాట్లాడలేరు. ఆ సమయంలో పక్షులను చూసుకుని, కాటా ముగిసి టీ తాగే వేళకు రేవుకు రండి. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు తప్పక రండి. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ కొత్త బట్టల్లో ఉంటారు, ఫోటో తీయమని వాళ్లే అడుగుతారు. అలా తీసిన ఫోటోలను ప్రింటు వేయించి, లామినేషన్ చేయించి తెచ్చివ్వండి. మా ఇళ్లలో చెమ్మకు మామూలు ప్రింటు ఒక్క వానాకాలం కూడా ఆగదు. ప్రింటు తెచ్చిచ్చినవారికి మా ఊళ్లో ఏ గుమ్మమూ మూసి ఉండదు. ఫోన్‌లో పంపుతానని చెప్పి వెళ్లినవారి సంగతి ఎందుకులెండి.

ప్రశ్న వేసినవారు: ఏలూరు గుమాస్తా

అందరికీ కృతజ్ఞతలు. లెన్సు కొనే ఆలోచన మానుకున్నాను. ఆ డబ్బులో కొంత పోలరైజరుకు, కొంత ప్రింట్లకు కేటాయిస్తాను. పక్షిమిత్రుడు గారూ, పంతులమ్మ గారి మాట విన్నాక మీ సలహాను కొద్దిగా మార్చి పాటిస్తాను: కాటా అయ్యేవరకు పక్షులు, ఆ తరవాత మనుషులు. తమ్ముడూ, జాతర నాటికి కొల్లేటికోటలో కలుద్దాం, మీ పెద్దాయనను చొక్కాతోనే తీస్తాను.

ఒక చిన్న సందేహం మిగిలింది. వానాకాలంలో తిరగమన్నారు, మంచిదే. కానీ ఆ చెమ్మకు లెన్సులో బూజు పడుతుందని భయం. పాత లెన్సులో ఒక మూల సన్నని దారపు పోగుల్లాంటివి కనిపిస్తున్నాయి కూడా. ఏం చేయాలి?

జవాబు 5: దొరవారిసత్రం పక్షిమిత్రుడు

ఆ పోగులు బూజే అయి ఉండవచ్చు. మూలకే పరిమితమై ఉంటే ఫోటోలో దాదాపు కనిపించదు. సూర్యుడికి ఎదురుగా తీసినప్పుడు మాత్రం కాంట్రాస్టు తగ్గుతుంది. మీరే విప్పే ప్రయత్నం చేయవద్దు. శుభ్రం చేయించే ఖర్చు పాత లెన్సు ధరకు దగ్గరగా ఉంటే అలాగే వాడుకోండి, కానీ మిగిలిన లెన్సులతో కలిపి ఒకే పెట్టెలో పెట్టకండి.

గాలి చొరబడని మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ పీల్చే, రంగు మారే రకం సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు ఒకటి కొనండి. తేమ నలభై, యాభై శాతం మధ్య ఉండేలా చూసుకుంటే చాలు. మరీ తగ్గినా లోపలి కందెనకూ రబ్బరుకూ మంచిది కాదు. సిలికా రంగు మారగానే మూకుట్లో సన్నని సెగ మీద వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. తోలు సంచీలో, బట్టల బీరువాలో కెమెరా దాచవద్దు, అక్కడే బూజు త్వరగా పడుతుంది. ఏసీ గదిలోంచి నేరుగా గట్టు మీదికి తీస్తే లెన్సు మీద ఆవిరి పట్టి అరగంట పోతుంది. బయలుదేరే ముందే సంచీతో సహా వరండాలో ఉంచండి. వానలో తడిస్తే ఇంటికి రాగానే బ్యాటరీ, కార్డు తీసి, లెన్సు విడదీసి, పొడిబట్టతో తుడిచి, ఫ్యాను కింద ఆరనిచ్చాకే డబ్బాలో పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, వాడకుండా నెలల తరబడి మూలన పడేయకండి. వారానికి ఒకసారైనా వెలుతురులోకి తీసిన లెన్సుకు బూజు అంత త్వరగా పట్టదు.